సమోవార్ ఖాళీ అయ్యేదాకా

కరగందా స్టేషను వెనక కంప్యూటర్ల వరుసలో మొత్తం పద్నాలుగు కొట్లు. వాటిలో తొమ్మిదోది ఆకులు రాలే కాలం నుంచీ మూసే ఉంది. అది నాకివ్వమని అడగడానికి జనవరి మొదట్లో ఒకరోజు వెళ్ళాను.

వరుసకు పెద్ద బైమురాత్ ఆగా. ఆగా అంటే మాలో పెద్దన్న. డెబ్భైకి దగ్గరపడ్డాడు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. మొదటి కొట్టు ఆయనదే.

"కొట్టు ఎవరికి? కొడుక్కా?" అన్నాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి.

"నాకే ఆగా."

"ఏం అమ్ముతావు?"

"అమ్మడం కాదు. పాడైనవి బాగుచేస్తాను. కొత్తవి కడతాను."

ఎనిమిదో కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న ఐదోస్ అది విని నవ్వాడు. ముప్పయ్యేళ్ళవాడు. వరుసలో అందరికన్నా చురుకైన చేయి అతనిదేనంటారు. మధ్య గోడ పగలగొట్టి తొమ్మిదోది కూడా తనలో కలుపుకుందామని చూస్తున్నాడని అంతకుముందే విన్నాను.

"అపా, బావుర్సాక్‌లు వేయించేవాళ్ళు ఆ పక్క సందులో కూర్చుంటారు. తోవ తప్పారు," అన్నాడు, అక్కా అన్నట్టు నన్ను అపా అంటూ.

"తప్పలేదు బాలా. మా అపార్టుమెంటులో మూడో ఇంటివాళ్ళకు మిషను కట్టిచ్చింది నువ్వేగా? అది గంటకోసారి ఆరిపోతోందని నా దగ్గరికి తెచ్చారు. ఫ్యాను అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేశావు. నేను తీశాను. ఇప్పుడు చక్కగా నడుస్తోంది."

అటూ ఇటూ కొట్లవాళ్ళు పగలబడి నవ్వారు. ఐదోస్ చెవులు ఎర్రబడ్డాయి. బైమురాత్ ఆగా మాత్రం నవ్వలేదు. కుర్చీ చూపించాడు.

ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరి ఇళ్ళకు వేడినీళ్ళు పంపే అయిదో నంబరు బాయిలర్ హౌసులో ఇరవయ్యారేళ్ళు పంపుల దగ్గర డ్యూటీ చేశాను. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. పోయిన వేసవిలో పంపులన్నిటినీ వాటంతట అవే నడిచేలా మార్చి మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది. బొగ్గు దుమ్ముకు వారానికోసారి చచ్చే అక్కడి కంప్యూటర్లను తుడిచి, విప్పి, బతికిస్తూ పని నేర్చుకున్నాను. ఇప్పుడు వంటింట్లో కూర్చుని ఇరుగుపొరుగు మిషన్లు బాగుచేస్తున్నాను. వంటింట్లో పనిచేసే ఆడదాన్ని ఎవరూ మెకానిక్ అనరు. సాయం చేసిందంటారు, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. కొట్టు దొరక్కపోతే మా చెల్లెలి పల్లెకు పోయి, వాళ్ళ ఆవులు పితుకుతూ, వాళ్ళు పెట్టింది తింటూ ఆ నాలుగేళ్ళు గడపాలి. చెల్లెలు మంచిదే. అయినా నేను వెళ్ళదలుచుకోలేదు.

"ఈ వరుసకు ఒక పద్ధతుంది, తెలుసా?" అన్నాడు ఆగా.

తెలుసు. కరగందాలో అందరికీ తెలుసు. అయినా ఆయనే చెప్పాడు. కొత్తగా వచ్చేవాడు స్వయంగా కట్టిన మిషను తెచ్చి నడవలో బల్ల మీద పెట్టాలి. దానికి నూటికి నూరు పాళ్ళూ పని ఎక్కించాలి. వరుసంతా చుట్టూ కూర్చుని టీ తాగుతుంది. టీకి నీళ్ళు కాగే సమోవార్ ఖాళీ అయ్యేదాకా మిషను ఆగకూడదు. ఆగిందా, సంచీ సర్దుకోవాలి.

"నీళ్ళతో చల్లబడే మిషను పెడతాను," అన్నాను.

వరుసంతా నా వైపు తిరిగింది. వాళ్ళంతా ఫ్యానులు పెట్టేవాళ్ళే. నీళ్ళ జోలికి ఇద్దరు ముగ్గురు వెళ్ళి, బోర్డులు తడిపి, మానుకున్నారు.

"ఇంతకుముందు కట్టావా అలాంటిది?"

"లేదు. కానీ నీళ్ళ సంగతి నాకు తెలుసు."

"ఒకే పెట్టెలో కరెంటూ నీళ్ళూ!" అన్నాడు ఐదోస్. "అపా, వచ్చేటప్పుడు తుడుచుకోవడానికి గుడ్డ కూడా తెచ్చుకోండి."

"తెస్తాను. నీ ముక్కుకు కూడా సరిపోయేంత పెద్దది తెస్తాను."

రెండు వారాల తరువాత వచ్చే శనివారం అని ఖాయమైంది.

*

ప్రాసెసరు, బోర్డు పాతవి దొరికాయి. రేడియేటరు, చిన్న పంపు, గొట్టాలు కొన్నాను. ప్రాసెసరు నెత్తిన కూర్చునే దిమ్మ రాగిది. దాని మూత అద్దంలాంటి ప్లాస్టిక్కుది. లోపల నీళ్ళు తిరగడం బయటికి కనిపిస్తుంది. చూసి ముచ్చటపడ్డాను.

బిగించే రోజు ల్యూబాను పిలిచాను. బాయిలర్ హౌసులో వెల్డింగు పని ఆమెది. ఆమె ఉద్యోగం ఇంకా ఉంది, నోరు కూడా. ఆమె తన సంచీలోంచి అవిసె నార చుట్ట, గొట్టాలకు పూసే లప్పం డబ్బా, రెండు పానాలు తీసి నా తినే బల్ల మీద పరిచింది.

"మరకు నార చుట్టకుండా బిగించారంటే ఆ ఇంట్లో వరదే," అంది.

నాకూ అదే నమ్మకం. ఇరవయ్యారేళ్ళలో నార చుట్టని మర నేను చూడలేదు. మర చుట్టూ నార దట్టంగా చుట్టాం. లప్పం పూశాం. చేత్తో తిప్పాను. ఇంకా వదులుగా ఉన్నట్టనిపించింది. పానా పెట్టాను.

"ఇంకో సగం చుట్టు," అంది ల్యూబా.

ఇంకో సగం చుట్టు తిప్పాను. టిక్‌మంది.

పానా తీసేశాను. మూత మీద వెంట్రుకంత గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది.

"ఏమే రౌషాన్, అది ఇనుమనుకున్నావా?"

"సగం చుట్టు తిప్పమంది ఎవరే?"

"నేను గొట్టానికి చెప్పాను. గాజు బొమ్మకు కాదు."

విప్పి చూస్తే తెలిసింది. ప్రతి మర అడుగునా సన్నటి రబ్బరు రింగు ఉంది. నీళ్ళను ఆపేది ఆ రింగే. నార అక్కర్లేదు, లప్పం అక్కర్లేదు, పానా అసలే అక్కర్లేదు. వేళ్ళతో బిగిస్తే చాలు. మేం దట్టంగా కూరిన నారే మూతను లోపలి నుంచి చీల్చింది. మా కొలువులో ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచి పనివాడు. ఆ పొగరే నా చేత ఆ తప్పు చేయించింది.

కొత్త మూతకు ఆర్డరిస్తే నెల పడుతుందన్నారు. నా దగ్గర ఉన్నది పది రోజులు.

"ఐదోస్‌గాడు ఇది వింటే సంబరపడతాడు," అన్నాను.

"వినడు. ఇలా తే," అని ల్యూబా పగిలిన మూతను జేబులో వేసుకుపోయింది. గని వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసే మరిది ఉన్నాడు ఆమెకు. మూడో రోజున ఇత్తడి మూత తెచ్చింది. అంచులు నునుపుగా, కన్నాలు సరిగ్గా ఉన్నాయి. లోపల నీళ్ళు కనిపించవు. ముచ్చట పోయిందన్న మాటేగానీ, గుర్రం తొక్కినా పగలదు.

ఈసారి వేళ్ళతోనే బిగించాను. ల్యూబా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

తరువాత మా బాయిలర్ హౌసు పద్ధతి మొదలుపెట్టాను. ఎండాకాలంలో ఏటేటా వీధి గొట్టాలన్నిటికీ మేం చేసే పని అది. చలికాలంలో గొట్టం మోయబోయే ఒత్తిడి కన్నా ఎక్కువ ఒత్తిడి ముందే పెట్టి చూస్తాం. పగిలేదేదో ఎండలో పగలాలి, మంచులో కాదు. బోర్డు పక్కన పెట్టి, దిమ్మ, రేడియేటరు, పంపు, గొట్టాలు మాత్రమే కలిపాను. సైకిలు పంపుతో గాలి కొట్టి, చివర ప్రెషర్ మీటరు తగిలించాను. మాంసం పొయ్యి మీద పెట్టి, పిండి పిసికి, పలచగా వత్తి, ముక్కలు కోసి వచ్చేసరికి మీటరు ముల్లు ఒక గీత దిగింది. ప్రతి కీలుకూ సబ్బు నురగ రాశాను. పంపు దగ్గర చిన్న బుడగ లేచింది. అక్కడ రింగు మెలికపడి ఉంది. సరిచేసి మళ్ళీ గాలి కొట్టాను. మాంసం ఉడికింది, ఇద్దరం తిన్నాం, టీ కూడా అయింది. ముల్లు కదల్లేదు.

ల్యూబా మరుసటి రోజు అయిదు లీటర్ల డబ్బా మోసుకొచ్చింది.

"మన నీళ్ళే. బాయిలర్‌లో పోసేవి. తుప్పు పట్టనీయవు."

"వాటిలో ఉప్పుంటుందే. చుక్క కారినా బోర్డు కాలిపోతుంది. దీనికి ఏమీ లేని నీళ్ళు కావాలి."

"ఏమీ లేని నీళ్ళా! ఇరవయ్యారేళ్ళ బంధం తెంచేసుకున్నావన్నమాట."

కార్ల కొట్లో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను. బోర్డుకు కరెంటివ్వకుండా ఒక్క పంపునే నడిపించాను. ప్రతి కీలు కింద తెల్ల కాగితం పెట్టాను. పంపు గరగరలాడింది. లోపల గాలి ఉన్న గొట్టం ఎలా అరుస్తుందో నాకు నిద్రలో లేపినా తెలుసు. పెట్టెను ఒక పక్కకు వంచాను, ఇంకో పక్కకు వంచాను, కాస్త తట్టాను. పాలు తాగిన బిడ్డ తేన్చినట్టు బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. గరగర తగ్గి, చివరికి చెవి ఆనిస్తే తప్ప వినపడనంత అయింది. సాయంత్రం కాగితాలు తీసి చూశాను. ఒక్కటీ తడవలేదు.

అప్పుడు వేగం పెంచడం మొదలుపెట్టాను. వాళ్ళ భాషలో ఓవర్‌క్లాక్ చేయడం. ప్రాసెసరు ఫ్యాక్టరీ నుంచి మూడు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్ వేగంతో వచ్చింది. ఒక మెట్టు పెంచాలి. దానికి అందే కరెంటు కూడా వీసమెత్తు పెంచాలి. నూరు పాళ్ళూ పని ఎక్కించి కూర్చోవాలి. నిలబడితే ఇంకో మెట్టు. పడిపోతే వెనక్కి. ప్రతి మెట్టూ, ఎన్ని నిమిషాలు నిలిచింది, ఎంత వేడెక్కింది, వంటింట్లో చలి ఎంత, అన్నీ నోటు పుస్తకంలో రాశాను. డ్యూటీలో గంట గంటకూ మీటర్లు చూసి రాసే అలవాటు ఉండనే ఉంది.

నాలుగు పాయింట్ ఎనిమిదిలో నలభై నిమిషాలకు తెర నీలంగా మారి నిలిచిపోయింది. అప్పటికి వేడి ఎనభై ఎనిమిది. నాలుగు పాయింట్ ఏడులో గంటన్నర నిలిచి పడిపోయింది. నాలుగు పాయింట్ ఆరులో పొద్దున పెడితే సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు.

"ఏడు పెట్టు," అంది ల్యూబా. "సమోవార్ గంటన్నర ఎక్కడొస్తుంది? ఆ పొగరుబోతు ముందు ఏడు కనపడాలి."

"బాయిలర్ ముల్లును ఎర్ర గీత మీద పెట్టి నడిపేవాడిని మనం ఏమనేవాళ్ళం?"

ల్యూబా పానా తుడిచి సంచీలో వేసుకుంది. "స్వర్గీయుడు అనేవాళ్ళం."

ఆరు దగ్గరే ఉంచాను.

*

శనివారం బయట చలి మైనస్ ఇరవై ఏడు. గొట్టంలో నీళ్ళుంచి మంచులో తీసుకెళ్ళేంత తెలివితక్కువదాన్ని కాను. ఇంట్లోనే నీళ్ళన్నీ దించేశాను. పెట్టెను నమదా కంబళిలో చుట్టి మంచు మీద జారే చెక్కబండి మీద కట్టి ఇద్దరం లాక్కెళ్ళాం.

నడవలో బల్ల వేసి ఉంది. పదమూడు మంది చుట్టూ స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. బైమురాత్ ఆగా పెద్ద ఇత్తడి సమోవార్‌లో బొగ్గులు రాజుకుంటున్నాయి. నేను పెట్టె విప్పి, నీళ్ళు పోసి, పంపు ఒక్కటి నడిపించి, గాలి తీసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఏమయింది అపా, స్విచ్చెక్కడో మరిచిపోయారా?" అన్నాడు ఐదోస్.

"చలిలోంచి వచ్చిన ఇనుముకు చెమట పడుతుంది. ఆరనీ."

"వధువును ముస్తాబు చేసినట్టుంది!"

"ఆవిడ చెప్పింది నిజమే," అన్నాడు బైమురాత్ ఆగా. "పోయినేడు నువ్వు బయటినుంచి తెచ్చి వెంటనే స్విచ్చేసి రెండు బోర్డులు కాల్చావు. కూర్చో."

ముప్పావుగంట కూర్చున్నాం. పెట్టెలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉందని నమ్మకం కుదిరాక స్విచ్చేశాను. నూరు పాళ్ళూ పని ఎక్కించాను. తెర మీద వేగం నాలుగు పాయింట్ ఆరు. వేడి నలభై ఎనిమిది. ఆగా గడియారం చూసి తలూపాడు. పద్ధతి ప్రకారం ఆ క్షణం నుంచీ నేను మిషను ముట్టుకోకూడదు.

ఆ వరుసలో ఆడవాళ్ళం నేనూ ల్యూబాయే. పదమూడు మందీ నా వైపు చూశారు. ఎందుకో నాకు తెలుసు. టీ పోసేది ఆడది.

"అపా, మీ చేతి టీ తాగే భాగ్యం..." అన్నాడు ఐదోస్, గిన్నె చాచి.

"ఇవాళ నేను డ్యూటీలో ఉన్నాను. డ్యూటీలో ఉన్నవాళ్ళు టీ పోయరు. ల్యూబా చుట్టమై వచ్చింది, చుట్టం చేత పోయించరు. చేతులున్నాయిగా, పోసుకోండి."

ఎవరో గొణిగారు. ఐదోస్ మాత్రం హుషారుగా లేచి సమోవార్ దగ్గర కూర్చున్నాడు. ఎందుకంత హుషారో కొద్దిసేపట్లోనే తెలిసింది. మాలో టీ గిన్నె నిండా పోస్తే తాగి వెళ్ళిపో అన్నట్టు. అడుగున గుక్కెడు పోయడమే మర్యాద. ఎంత తక్కువ పోస్తే అంత గౌరవం. ఐదోస్ ఆవేళ ఒక్కొక్కరికీ రెండు చెంచాలంత గౌరవం పోశాడు. ఒకరికి పోసి, పాలు కలిపి, రెండు చేతులా అందించి, ఆరోగ్యం అడిగి, అప్పుడు రెండోవాడి గిన్నె అందుకున్నాడు. సమోవార్ తరిగితేగా!

మర్యాద చేస్తున్నవాణ్ణి ఎవరు తిడతారు? ల్యూబా పళ్ళు నూరింది.

"వీడు ఇలా పోస్తే ఈస్టరు పండక్కి అవుతుంది," అంది.

"పోయనీ."

కాసేపటికి ఐదోస్ తన కొట్లోంచి వేడిగాలి ఊదే హీటరు తెచ్చాడు. "అపా మోకాళ్ళకు చలి తగలకూడదు," అంటూ నా పక్కన పెట్టాడు. పెట్టింది నా మోకాళ్ళకు కాదు. దాని మూతి సరిగ్గా రేడియేటరు గాలి పీల్చుకునే వైపు తిరిగి ఉంది.

ల్యూబా లేవబోయింది. ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఉంచు బాలా. చల్లనివాడివి," అన్నాను.

వేడి పెరిగింది. యాభై అయిదు. అరవై మూడు. డెబ్భై. స్టూళ్ళు దగ్గరికి జరిగాయి. ఫ్యాను మిషను అయితే ఆ గాలి తగలగానే గావుకేకలు పెట్టేది. నీళ్ళు అలా కాదు. నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి, తొందరగా ఉలిక్కిపడవు. కానీ వేడెక్కాయా, అంత నిదానంగానే చల్లారతాయి. డెబ్భై ఆరు. ఎనభై.  వంటింట్లో ఈ మిషను ఇంత వేడిగాలి ఎన్నడూ పీల్చలేదు. ఎనభై రెండు. ఎనభై మూడు. అక్కడ నిలిచింది. అయిదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. ఎనభై మూడే.

గంట దాటింది. గౌరవం ఎంత తక్కువగా పోసినా పదమూడు మందికి పోస్తే సమోవార్ అయినా తరగాల్సిందే. మూత కింద నీళ్ళ పాట పలచబడుతోంది. నేను తెర వంకే చూస్తున్నాను, చెవి మాత్రం అటే ఉంది. మరిగే నీళ్ళ దగ్గర ఇరవయ్యారేళ్ళు కూర్చున్నదాన్ని. ఉన్నట్టుండి ఆ పాట ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయింది.

"ఆగా," అన్నాను తల తిప్పకుండానే. "సమోవార్‌లో ఇప్పుడే ఎవరో చన్నీళ్ళు పోశారు."

"ఎవరు పోశారు? ఎవరూ పోయలేదు," అన్నాడు ఐదోస్. అతని స్టూలు వెనక ఖాళీ కెటిల్ కనిపిస్తూనే ఉంది.

బైమురాత్ ఆగా లేచి సమోవార్ పొట్ట మీద అరచేయి ఆనించాడు. మూత తీసి చూశాడు. నిండా ఉంది. ఆయన మొహం నల్లబడింది.

"మా గురువు పెట్టిన పద్ధతి ఇది," అన్నాడు. "నలభై ఏళ్ళలో ఎవడూ ఈ సమోవార్‌లో మోసం కలపలేదు. అమ్మాయి గెలిచింది. అయిపోయింది."

"ఏం గెలిచింది ఆగా?" ఐదోస్ లేచి నిలబడ్డాడు. "నీళ్ళు పెట్టుకుని నాలుగు పాయింట్ ఆరా? నా ఫ్యాను మిషనే ఏడు కొడుతుంది! రేపు జనం ఏమంటారు? ముసలమ్మ మీద జాలిపడి కొట్టిచ్చారంటారు."

వెనకనుంచి ఇద్దరు ముగ్గురు "అదీ నిజమే" అన్నారు.

నేను అప్పుడు ఊరుకుని ఉంటే తాళంచెవి చేతికొచ్చేది. ఊరుకోబుద్ధి కాలేదు. జాలి అన్న మాట ఒకసారి ఆ వరుసలో పడితే నా కొట్టు గుమ్మం ముందు ఎప్పటికీ అదే కూర్చుంటుంది.

"ఎంత కావాలి నీకు?" అన్నాను.

"ఎనిమిది పెట్టండి చూద్దాం!"

"పెడతాను. పెట్టే ముందు ఒక మాట చెబుతాను, అందరూ వినండి. నాలుగు పాయింట్ ఎనిమిదిలో ఈ మిషను పడిపోతుంది. మా ఇంట్లో నలభై నిమిషాలకు పడింది. ఇక్కడ నీళ్ళు అప్పుడే వేడెక్కి ఉన్నాయి, పైగా ఈ బాలుడి హీటరు ఉంది. కాబట్టి పావుగంట దాటదు. పడేటప్పుడు వేడి ఎనభై ఎనిమిది ఉంటుంది, ఒకటి అటూ ఇటూ. ఆగా, రాసుకోండి."

"రౌషాన్, నీకు మతి పోయిందా?" అంది ల్యూబా. "పడుతుందని తెలిసీ..."

"తెలుసు కాబట్టే."

ఆగా కళ్ళజోడు సరిచేసుకున్నాడు. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, సిగరెట్ పెట్టె వెనక రాశాడు.

ఎనిమిదికి పెంచాను. ఎవరూ టీ అడగలేదు. ఎనభై అయిదు. ఎనభై ఆరు. ఐదోస్ చేతిలో ఫోను గడియారం నడుస్తోంది. ఎనభై ఏడు. పదకొండో నిమిషంలో తెర మీది అంకె ఎనభై ఎనిమిది తాకింది. ఇంకో అరనిమిషానికి తెర నీలంగా మారి నిలిచిపోయింది.

"పడింది!" అని ఎగిరాడు ఐదోస్. "చూశారా, పడింది! పద్ధతి పద్ధతే! సంచీ సర్దుకోండి అపా!"

నేను లేవలేదు. వేగం తిరిగి ఆరుకు దించి, మిషను మళ్ళీ నడిపించి, నూరు పాళ్ళూ పని ఎక్కించాను. అది ఏమీ జరగనట్టు పనిలో పడింది.

"పడింది," అన్నాను. "ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో, ఎంత వేడికి పడుతుందో చెప్పి మరీ పడేశాను. ఇప్పుడు నువ్వు చెప్పు. నీ మిషను ఎక్కడ పడుతుంది?"

"నాది పడదు."

"పడని మిషను లేదు. పడని బాయిలర్ లేదు. ఎక్కడ పడుతుందో తెలియనివాడి చేతికి మేం బాయిలర్ తాళం ఇచ్చేవాళ్ళం కాదు. వీధి వీధంతా ఎగిరిపోతుంది. నీ దగ్గర మిషను కొన్నవాడికి ఏం చెబుతావు? ఏడు కొడుతుంది అని చెబుతావు. ఎంతసేపు కొడుతుంది? ఎండాకాలంలో కొడుతుందా? పోనీ, తీసుకురా. ఇదే బల్ల మీద, ఇదే హీటరు పక్కన పెట్టు. నిమిషం, వేడి, రెండూ ముందు చెప్పు. ఆగా రాసుకుంటారు."

ఐదోస్ హీటరు వంక చూశాడు. తన కొట్టు వంక చూశాడు. లోపల అతని మిషను రంగురంగుల దీపాలతో వెలుగుతోంది. వెళ్ళి తేలేదు.

"ఇంకెవరైనా?" అన్నాను. "పన్నెండు మందున్నారు. మీ మీ మిషన్లు ఎక్కడ పడతాయో చెప్పగలిగినవాళ్ళు లేవండి. లేచినవాళ్ళు నన్ను సంచీ సర్దుకోమనండి, సర్దుకుంటాను."

ఎవరూ లేవలేదు. పదకొండో కొట్టు ముసలాయన గిన్నెలోకి చూస్తూ, "నాది వేసవిలో ఎందుకో ఆగుతూ ఉంటుంది, నిజమే," అన్నాడు. ఆ మాటకు కొందరు నవ్వారు. అయితే ఆ నవ్వు నా మీద కాదు.

బైమురాత్ ఆగా జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇవ్వబోతూ ఆగి, గొంతు తగ్గించాడు.

"రౌషాన్, కొట్టు నీదే. కానీ గొడవలొద్దు. దుమ్ము దులపడం, ప్రాసెసరు మీద పూసే పేస్టు మార్చడం, అలాంటి చిన్న పనులు నువ్వు చూసుకో. కొత్తవి కట్టే పని వచ్చిందనుకో, ఐదోస్‌కు పంపు. వాడికీ ముఖం మిగలాలి కదా. ఏమంటావు?"

ఆయన మంచివాడు. మంచితనంతోనే అన్నాడు. వరుసంతా నా జవాబు కోసం చూస్తోంది. ఆ షరతుకు ఒప్పుకుంటే అందరూ సుఖంగా ఇంటికి పోతారు. నేను కూడా.

"ఒప్పుకోను ఆగా," అన్నాను. "కడతాను. నీళ్ళవి కడతాను, ఫ్యానువి కడతాను. ఐదోస్ కట్టినవి పడిపోతే విప్పి, ఎందుకు పడ్డాయో కొన్నవాడికి చెబుతాను. దానికి ఇష్టమైతే తాళంచెవి ఇవ్వండి. లేకపోతే ఈ బల్ల ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను. సోమవారం పొద్దున నడవలో కూర్చుని పని మొదలుపెడతాను. ఎవరు లేపుతారో చూస్తాను."

"నేనూ చూస్తాను," అంది ల్యూబా, పెద్ద పానా ఒళ్ళోకి తీసుకుంటూ.

ఆగా నా మొహంలోకి చూశాడు. తరువాత తాళంచెవి బల్ల మీద పెట్టి, సమోవార్ వైపు తిరిగాడు.

తొమ్మిదో కొట్టు షట్టరు తుప్పుపట్టి, సగం లేచి ఇరుక్కుంది. నేనూ ల్యూబా కింద భుజాలు పెట్టి పైకెత్తాం. లోపల విరిగిన కీబోర్డుల గుట్ట, మూడు అంగుళాల దుమ్ము, గోడ మీద కదలని గడియారం. కీబోర్డులను చేత్తో ఒక పక్కకు నెట్టాను. మిషను తెచ్చి కౌంటరు మీద పెట్టి, తెరను నడవ వైపు, సరిగ్గా ఎనిమిదో కొట్టు ముందు బల్ల మీంచి కనపడేలా తిప్పాను. నాలుగు పాయింట్ ఆరు. వేడి తగ్గుతూ అరవై ఒకటికి వచ్చింది.

"సోమవారం నుంచి కదా మొదలు?" అని అడిగాడు ఎవరో.

"ఇంకా మూడే అయింది. కొట్టు తెరిచే ఉంది," అన్నాను.